మగ్గం గుంతలో మద్దెల

మా ఆయన పేరు ఆంజనప్ప. ఆయన ఉన్నన్నాళ్లు ఆ పేరు నేను నోటితో పలికింది లేదు. ఓటరు జాబితా వాళ్లు వచ్చి అడిగినా, "లోపల ఉండాడు, ఆయన్నే అడుగు నాయనా" అనేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే కూడా చేయి రవ్వంత ఆగింది. పేరు లేకుండా చెబితే ఎవరి కథో తెలియదు కదా, అందుకని రాశాను.

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ల వీధి మాది. ఇంట్లో రెండు మగ్గం గుంతలు ఉండేవి. మా దిక్కు నేసే మనిషి గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న రెండు చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటాడు. చేతులు దారం కండె ఉన్న నాడెను అటూ ఇటూ విసురుతుంటే కాళ్లు ఆ పని చేసుకుంటూ పోతాయి. ఒక గుంతలో మా ఆయన నేసేవాడు. రెండోది మా మామ మగ్గం. మామ పోయాక ఆ మగ్గానికి చెదలు పట్టింది. విప్పేశారు. గుంత మాత్రం అడుగున రెండు చెక్కలతో సహా అట్లే ఉండిపోయింది.

మా అత్త నారాయణమ్మకు ఆ గుంతను చూస్తే కడుపుమంట.

"పూడ్చరా దాన్ని. పామో తేలో చేరితే ఎవురికి చెప్పుకుంటాం?"

"చేరనీలేమ్మా. చేరితే బాడుగ అడుగుతా" అనేవాడు మా ఆయన.

చివరికి అందులో చేరింది ఆయనే.

అది తొంభైవ సంవత్సరం. హిందూపురంలో మా చుట్టాలు కొత్త ఇంట్లో పాలు పొంగించి భజన పెట్టించారు. ఆ భజనకు సుంకప్ప అనే పెద్దాయన మద్దెల వాయించాడు. అరవై దాటిన మనిషి. కండ్లకు పొరలు వచ్చి, ఎదురుగా ఉన్నదెవరో గొంతు వింటే తప్ప తెలిసేది కాదు. హారతి పళ్లెం వచ్చినప్పుడు అందరూ దేవుడి పటం వైపు తిరిగి దండం పెడితే, మా ఆయన మద్దెల వైపు తిరిగి పెట్టాడు. నేను మోచేత్తో పొడిచినా తిరగలేదు.

భజన అయ్యాక పోయి ఆయన ముందర చతికిలబడ్డాడు.

"నాకు నేర్పిస్తావా సామీ?"

"ఏం పని చేస్తావప్పా?"

"మగ్గం నేస్తా సామీ. ధర్మవరం."

"మగ్గమోడివా? అయితే తాళం నీ ఒంట్లోనే ఉంటాది. వచ్చే అమావాస్యకు రా."

అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడదు. అందుకని నెలకు ఒక్క దినం ఆయనకు తీరిక. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి హిందూపురం పోవడం, ఒక్క పాఠం నేర్చుకోవడం, తిరిగి వచ్చి ఇరవై తొమ్మిది దినాలు దాన్నే వాయించడం. గురువుగారిది ఒంటిగది ఇల్లు. ఆయన లోపల పడకకుర్చీలో ఉంటే ఈయన బయట ఎత్తరుగు మీద, వీధిలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని వాయించేవాడు. గురువుగారు చెవులతోనే దిద్దేవాడు. ఇంటి దగ్గర చోటెక్కడ? ఒక మూల నేసే మగ్గం, ఒక మూల నేను కండెలు చుట్టే రాట్నం, ఒక మూల పొయ్యి. మిగిలింది మామ గుంత. సాయంత్రం నేత ఆపి ఈ గుంతలో నుంచి లేచి ఆ గుంతలో కూర్చునేవాడు. మద్దెల ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు వాటంతట అవే ఆ పాత చెక్కలను తొక్కేవి. చూడముచ్చటగా ఉండేది. అందులో తప్పుందని ఎవరైనా అనుకుంటారా?

రెండో ఏడు గురువుగారు తన మద్దెలనే చేతిలో పెట్టాడు.

"ఇది మా గురువు చేతిది. నీకిచ్చేసినా అనుకోవద్దప్పా. నలుగురి ముందర కూచోని ఒక్క పాటకు తాళం తప్పకుండా వాయించు. అది నా చెవులతో నేను వినల్ల. ఆ దినం ఇది నీది. లేదంటావా, నేను పోయేలోగా తెచ్చి ఈ అరుగు మీద పెట్టు."

ఆ మద్దెలను రైల్లో ఒళ్లో పెట్టుకుని, ఎవరి మోచేయీ తగలకుండా తెచ్చాడు. గడపలో మా అత్త చూసి, "దిష్టి తీయల్లనా, కాళ్లు కడగల్లనా?" అంది.

మద్దెలకు ఎడమవైపు తడిపిన రవ్వ ముద్ద అంటించాలి. అది ఉంటేనే లోతుగా 'తోం' అని పలుకుతుంది. వాయించడం అయ్యాక గీకి పారేయాలి. రోజూ పిడికెడు రవ్వ. ఇంట్లో మేము సంగటి తిన్నా మద్దెలకు రవ్వ తప్పదు. "మనుషులకు లేని ఉప్పిట్టు ఈ మొద్దుకు పెడతాండాడు" అని మా అత్త వీధంతా చెప్పింది. ఉప్మాను మా దిక్కు ఉప్పిట్టు అంటాము. గీకిన ముద్దను కోళ్లకు వేస్తే అవి మద్దెల చప్పుడు వినగానే గడపలోకి వచ్చి నిలబడడం నేర్చుకున్నాయి. ఆయన మొదటి శ్రోతలు అవే.

తొంభై నాలుగులో శ్రీరామనవమికి గురువుగారు కబురు పెట్టాడు. హిందూపురంలో వాళ్ల వీధి గుడిలో భజన, మద్దెల నీదే అని. ఆయన ఇస్త్రీ చొక్కాతో, నేను తడిపిన రవ్వ గిన్నెతో పోయాము. చాప పరిచారు. అందరితో పాటు మా ఆయన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మద్దెల కాలి మడమ మీద పెట్టుకున్నాడు. పాట ఎత్తుకున్నారు.

నేను ఆడవాళ్లలో కూర్చుని చూస్తున్నాను. నాలుగు దెబ్బలు బాగానే పడ్డాయి. ఐదోది ఒక పక్కకు పోయింది. ఆరోది పాట కంటే ముందు పోయి ఎదురు చూసింది. ఆయన ముఖానికి చెమటలు. మడిచిన కాళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. చివరికి కుడికాలు తనంతట తాను చాచుకుని పోయి హార్మోనియాన్ని తన్నింది. పెట్టె బొర్లా పడి 'కుయ్యో' అంది. పానకం పంచే ఆయన చెంబు పట్టుకుని అట్లే నిలబడిపోయాడు.

లోపల స్తంభానికి ఆనుకుని వింటున్న గురువుగారు తల ఎత్తి, "ఎవురబ్బా అది వాయించేది? మా ఆంజనప్ప యాడికి పోయినాడు?" అన్నాడు.

అంతకంటే పెద్ద మాట అనాల్సిన పని లేకపోయింది. మా ఆయన మద్దెల ఎత్తుకుని పోయి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"నేనే సామీ. చేతకాలేదు. తీసుకో."

గురువుగారు మద్దెలను తడిమి చూసి మళ్లీ ఈయన వైపే తోశాడు.

"గమ్మునుండప్పా. నేనింకా పోలేదు గదా. నీ చేయి మంచిదే, నేను వింటానే ఉండా. తప్పు యాడుందో నాకు దొరకలేదు, నీకూ దొరకలేదు. నేర్చుకున్నది నలుగురికి నేర్పించు. వాళ్ల చేతుల్లో కనిపిస్తాది. కనిపించినాక వచ్చి చెప్పు."

జనాన్ని చూసి బెదిరాడన్నారు అందరూ. మా అత్త తాయెత్తు కట్టించింది. ఒకాయన మద్దెలకే కట్టమన్నాడు. దానికీ కట్టాము.

అట్లా మా గుంత బడి అయింది. మొదట వచ్చింది ఇస్సాకు. పక్కవీధిలో ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు. చర్చిలో పాటలకు మద్దెల వాయించాలని ఆయన కోరిక. తర్వాత పట్టుకు రంగులద్దే వాళ్ల పిల్ల సాయిసుధ, తొమ్మిదేండ్లది, రెండు జడలు, నోరు మాత్రం పెద్దది. తర్వాత ఇంకో నలుగురు. గుంతకు నాలుగు పక్కలా కాళ్లు వేలాడేసి కూర్చునేవాళ్లు. ఒక్కటే మద్దెల కాబట్టి ఒకరు దాని మీద, మిగిలినవాళ్లు నూనె డబ్బాల మీద. అడుగున చెక్కల కోసం కాళ్లు కొట్లాడుకునేవి.

"సార్, ఇస్సాకు సార్ కాలు నా కాలు మీదుండాది."

"అమ్మా సాయిసుధా, నీ కాలే నా కాలి కింద దూర్తాండాదమ్మా."

"కాళ్ల సంగతి నాకెందుకు? చేతులు చూసుకోండి" అని మా ఆయన కసిరేవాడు. ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నాడో.

ఏండ్లు గడిచాయి. గుంత దగ్గర పిల్లలు గడియారం ముల్లు మాదిరి వాయించేవాళ్లు. బయట భజనకు పోతే ఒక్కొక్కరూ వాళ్ల గురువు లాగే తాళం తప్పి, తల దించుకుని తిరిగి వచ్చేవాళ్లు. ఇస్సాకు ఒక్కడే చర్చిలో ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. వీధిలో దీనికి ఎవరి లెక్క వాళ్లు చెప్పారు.

"ఏసుసామి చల్లని చూపు చూసినాడబ్బా. మన సామికే ఏదో కోపమొచ్చింది" అంది మా అత్త.

ప్రతి అమావాస్యకూ హిందూపురం పోయేవాడు. "కనిపించిందా?" అని గురువుగారు అడిగేవాడు. "లేదు సామీ" అని ఈయన. అంతే. ఇంటికి వచ్చి మద్దెలను గోడకు ఆనించేటప్పుడు, రేపు ఎవరో వచ్చి తీసుకుపోతారన్నట్టు, చేయి దాని మీద పెట్టి కాసేపు నిలబడేవాడు. నేను చూసి చూడనట్టు ఉండేదాన్ని.

రెండువేల ఒకటిలో వానలు పట్టుకున్నాయి. మా ఊళ్లో వాన పడితే మగ్గం గుంతల్లో నీళ్లు ఊరుతాయి. రెండు గుంతలూ మోకాలి లోతు నిండాయి. నేత లేదు. పాఠం నడవలో చాప మీద పెట్టుకున్నారు. అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

ముందు దినం వరకు చక్కగా వాయించిన పిల్లలు ఒక్కసారిగా మరిచిపోయారు. ఒకడిది ఉరుకుతోంది, ఒకడిది కుంటుతోంది. మా ఆయన తల పట్టుకున్నాడు.

"ఏందిరా ఇది? నిన్న ఉండింది, ఈ పొద్దు యాడికి పోయింది?"

"వాననీళ్లల్లో కొట్టుకుపోయింది సార్" అంది సాయిసుధ.

అంతలో చాప తడిసిందని ఆ పిల్ల లేచి, మా వడ్ల గాదె మీదికి ఎక్కి, కాళ్లు వేలాడేసుకుని కూర్చుని డబ్బా మీద కొట్టింది. కాళ్లు గాలిలో ఒకటి, రెండు అని ఆడుతున్నాయి. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చేతిలో గంటె. గాదె మీద పిల్ల కాళ్లు చూశాను. చాప మీద ఆయన మడిచిన కాళ్లు చూశాను. శ్రీరామనవమి నాడు హార్మోనియాన్ని తన్నిన కాలు గుర్తుకొచ్చింది. చర్చిలో ఇస్సాకు కూర్చునేది బల్ల మీద.

"ఇదో" అన్నాను. "నువ్వు నేర్చుకున్నది చేతులతో కాదు. కాళ్లతో. కాళ్లు వేలాడితేనే నీకు తాళం వస్తాది. మడిస్తే రాదు. వీళ్లందరికీ అదే నేర్పించినావు."

నేను ఆయనతో మొత్తం మీద అంత పొడుగు మాట మాట్లాడింది అదే మొదలేమో. ఇస్సాకు మెల్లగా తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మా ఆయన పోయి గాదె మీద సాయిసుధ పక్కన కూర్చుని ఒక వరుస వాయించాడు. దిగి వచ్చి చాప మీద అదే వరుస వాయించాడు. మళ్లీ గాదె ఎక్కాడు. అట్లా మూడుసార్లు. తర్వాత ముఖం కడుక్కోవడానికి బయటికి పోయి చాలాసేపు రాలేదు.

ఆ తర్వాతి అమావాస్యకు హిందూపురం పోయి, "కనిపించింది సామీ" అన్నాడు.

"ఏంది?"

చెప్పడానికి సిగ్గుపడ్డాడు. గురువుగారూ వద్దన్నాడు.

"చెప్పద్దు, వినిపించు. కార్తీకంలో పెనుకొండలో భజన పోటీ ఉండాది. నన్ను పిలిచినారు. అదే కడసారి అప్పా, ఇంగ నేను రైలెక్కలేను."

పోటీకి ఇంకా పదమూడు దినాలే ఉన్నాయి. ఆ పదమూడు దినాలు మా ఇంట్లో జరిగింది చెబితే నవ్వుతారు. కాళ్లు కదలకుండా ఉండాలని చిక్కుపడిన పట్టు దారంతో రెండు మడమలూ కట్టేయమన్నాడు. కట్టాను. బొటనవేళ్లు ఆడాయి. వాటినీ కట్టాను. అప్పుడు తల ఆడడం మొదలుపెట్టింది, గంగిరెద్దు తలలాగా. తల పట్టుకోమని ఇస్సాకుకు చెప్పాడు. ఇస్సాకు తల పట్టుకుంటే నాలుక బయటికి వచ్చి తాళం వేసింది.

"ఒక కాలు ఆపితే ఒకటి లేస్తాదేందబ్బా!" అని ఇస్సాకు చేతులెత్తేశాడు. "ఆంజనప్పా, బల్ల మీద కూచో. చర్చిలో నేను కూచోనా?"

"దేవుని పటం కింద ఉంటే నేను బల్ల మీద ఎట్ల కూచునేది సార్?"

"అయితే స్టేజీ అంచున కూచో, కాళ్లు కిందికి దించుకోని."

"పెద్దమనుషుల మొగాన కాళ్లు చాపల్లనా?"

రెండూ కాదు. పాడే మా వీధి వాళ్లతో, సాయిసుధతో కలిసి పెనుకొండ బస్సు ఎక్కేటప్పుడు ఆయన మద్దెలను పాత పట్టుచీరలో చుట్టి కట్టాడు. ఇచ్చేయడానికి కట్టినట్టు కట్టాడు.

పెనుకొండలో కొండ కింద మైదానంలో స్టేజీ. ఇనుప డ్రమ్ముల మీద పొడుగు చెక్కలు పరిచి, పైన జంపఖానా వేశారు. పొద్దున పదింటికే మొదలైంది. గురువుగారు ముందు వరుసలో కుర్చీలో కూర్చుని, ఎవరు పాడుతున్నా చెవి అటు పెట్టి వింటున్నాడు. తర్వాతది మా వంతు అనగా నేను స్టేజీ పక్కన నిలబడి రవ్వ గిన్నె అందించాను. ఆయన గురువుగారి వైపు చూస్తూనే చేయి చాచాడు. గిన్నె జారింది. చెక్కల సందులో పడి మాయమైపోయింది.

కింద నుంచి కేక వచ్చింది. "ఎవురిదమ్మా ఈ ఉప్పిట్టు? నా నెత్తిన పడింది!"

జంపఖానా అంచు ఎత్తి చూస్తే స్టేజీ కింద మనిషి. మైకుసెట్టు మల్లికార్జున. ఎండకు తన మిషన్లు వేడెక్కుతాయని కింద నీడలో పెట్టుకుని వాటి పక్కనే కూర్చున్నాడు. గిన్నె సందులో నుంచి పైకి ఇచ్చాడు. ముద్ద సగం ఉంది. మిగిలింది ఆయన జుట్టులో.

నాకు ఆ ముద్ద కనబడలేదు. సందు కనబడింది. కింద బోలుగా మనిషి కూర్చునేంత లోతు.

"ఇస్సాకు సార్" అన్నాను. "ఆ చెక్క ఒక్కటి తీయించు. అది గుంతే."

ఇస్సాకు ఒక నిమిషం నన్ను చూసి, ఎగిరి స్టేజీ ఎక్కి, జంపఖానా మడిచి, చెక్క లాగేశాడు. మా ఆయన, సాయిసుధ పక్కపక్కన సందులో కాళ్లు దించుకుని కూర్చున్నారు. ముందు నుంచి చూస్తే ఇద్దరూ నడుము దాకా నేలలో నాటినట్టు ఉన్నారు. జనంలో నవ్వులు లేచాయి. కమిటీ పెద్దమనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా, ఇదేం కూచునే పద్ధతి?"

"మగ్గమోల్ల పద్ధతి సార్. మా ఊర్లో అందరూ ఇట్లే" అన్నాడు ఇస్సాకు, అయ్యవారి గొంతుతో.

మొదటి పాటకు సాయిసుధ వాయించింది. రెండో పాటకు మద్దెల ఆయన ఒళ్లోకి వచ్చింది. వీధి వాళ్లు పాట ఎత్తుకున్నారు. నాలుగు దెబ్బలు. ఐదోది. ఆరోది. నేను కొంగు నోట్లో పెట్టుకుని లెక్కపెడుతున్నాను. ఆరు దాటింది. తర్వాత లెక్క మరిచిపోయాను. అంతకు ముందు ఎన్నడూ ఆయన అట్లా వాయించగా నేను వినలేదు. నవ్వేవాళ్లు నవ్వడం మానేసి తొడ మీద తాళం వేసుకుంటున్నారు.

ముందు వరుసలో గురువుగారు పక్కన ఉన్న మనిషి భుజం పట్టుకుని, "అదో, ఇప్పుడొచ్చినాడు మా ఆంజనప్ప" అన్నాడు.

పాట అయ్యాక కమిటీ పెద్దమనిషి ఒప్పుకోలేదు. కూర్చోవడమే తప్పయితే తాళం కూడా ఎక్కడో తప్పే ఉంటుందని పట్టుబట్టాడు. అప్పుడు స్టేజీ కింద నుంచి మల్లికార్జున పాకుతూ బయటికి వచ్చాడు. జుట్టు రవ్వతో అణిగి తలకు అంటుకుపోయి ఉంది.

"తప్పిందని ఎవురంటాండేది? నా తలకాయను అడుగు సార్. మొదటి పాటకు చిన్న కాళ్లు, రెండో పాటకు పెద్ద కాళ్లు. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. తప్పుంటే నేను పక్కకు జరిగి తప్పించుకునేటోన్నే!"

మొదటి బహుమతి రొద్దం ఊరి జట్టుకు పోయింది. మాకు ఏమీ రాలేదు. మా ఆయన గురువుగారి ముందర కూర్చుని, గుంత సంగతి, గాదె సంగతి, దారాలతో కట్టిన బొటనవేళ్ల సంగతి అంతా చెప్పేశాడు. గురువుగారు పడకకుర్చీ, అరుగు తలుచుకున్నాడేమో, చాలాసేపు నవ్వాడు.

"నాకు కండ్లు లేకపాయ, నీ కాళ్లు చూడలేకపోతి. నీకు కండ్లుండి ఏం చేస్తివప్పా?"

"మా ఇంటి యమ్మి చూసింది సామీ."

"అయితే ఆ యమ్మికి చెప్పు, మద్దెల మీ ఇంట్లోనే ఉంటాదని."

పాత పట్టుచీర విప్పేసి మద్దెలను ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. బస్సులో ఎవరి మోచేతులు తగిలినా ఏమీ అనలేదు.

మా ఆయన పోయి ఏడాది దాటింది. ఇల్లంతా బండలు వేయించుకోమని అందరూ చెబితే మేస్త్రీని పిలిచాను. నేసే మగ్గం గుంత పూడ్చేశాడు. రెండో గుంత దగ్గర నిలబడి, "దీన్ని కూడా ఒక తట్ట మట్టితో లాగించేద్దామా అమ్మా? దీంతో మీకేం పని?" అన్నాడు.

"ఉండనీ నాయనా. అమావాస్యకు పిల్లోల్లు వస్తారు" అన్నాను.

సాయిసుధ ఇప్పుడు పెద్దదైంది, నోరు తగ్గలేదు. తన దగ్గర నేర్చుకునే నలుగురిని వెంటబెట్టుకుని వస్తుంది. కాళ్లు వేలాడేసి కూర్చుంటారు. కాళ్లు చూసుకోండి అని మొదటి మాటగా చెబుతుంది వాళ్లకు. నేను పిడికెడు రవ్వ తడుపుతాను. వానకాలంలో గుంతలో నీళ్లు ఊరితే, వాళ్లు వచ్చేలోగా చెంబుతో తోడి పోస్తాను.